మాయమైన కుంచె

పాలమూరు, నల్లగొండ సీమలలో ఏ పల్లెకు పోయి ఏ యింటి నడవలో కూర్చున్నను, కన్ను మొదట నిలుచునది గోడమీది పటముల వరుసమీదనే. దేవుళ్ల పటముల సరసన ఆ యింటి పెద్దల పటములు వ్రేలాడుచుండును. తలపాగా చుట్టిన తాత యొకచోట, కొంగు తలమీదికి లాగుకొన్న నాయనమ్మ యొకచోట. పటమునకు గంధపు చెక్క పూలదండయో, ఎండిన బంతిపూల దండయో ఉండును. పెత్రమాసనాడు ఆ పటములను దించి, తుడిచి, బొట్టుపెట్టి, పెద్దలకు పెట్టదలచిన వంటకములను వాని యెదుటనే ఉంచెదరు. పోయిన మనిషికి ఆ యింట మిగిలిన చోటు అదియే.

ఈ పటములను గురించియు, వానిని తయారుచేయు ఒక పనిముట్టును గురించియు, ఆ పనిముట్టు ఒకనాటి రాత్రి మాయమగుటను గురించియు ఈ పూట నాలుగు మాటలు మనవి చేయదలచినాము. విషయము చిన్నదని తోచవచ్చును. కంప్యూటరులో ఒక బొత్తము కనబడకపోయినంతమాత్రాన కొంపలు మునుగునా యని మీలో కొందరు అనుకొనవచ్చును. మేమును మొదట అట్లే అనుకొంటిమి.

ఛాయాచిత్రము మన దేశమునకు వచ్చిన కొలదికాలమునకే దానికి రంగు పూయవలెనను కోరికయు వచ్చినది. నలుపు తెలుపుల నీడ మాత్రమే చూచి తృప్తిపడుట మనవారికి చేతకాలేదు. పాలమూరు పట్టణమునకు 1890 డిసెంబరు 4వ తేదీన మహబూబ్‌నగరమను పేరు వచ్చినది. ఆ పేరు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్‌ది. ఆ ప్రభువు ఆస్థానమున ఛాయాచిత్రకారుడుగా నుండి, సికింద్రాబాదులో స్టూడియో నడపి, 1905లో గతించిన రాజా దీన్‌దయాళ్ పేరు మీరు వినియే యుందురు. ఆ కాలపు పెద్ద స్టూడియోలలో ఫొటో తీయువాడొకడు, దానిపై రంగు వేయువాడు మరియొకడు. రాజుల చిత్రములకు జరిగిన ఈ మర్యాద క్రమముగా సామాన్యుల చిత్రములకును దిగివచ్చినది.

మా చిన్ననాటివరకును చిన్న పట్టణములలో ఆ విద్య మిగిలియే యుండెను. నెగటివుమీద సన్నగా చెక్కిన పెన్సిలుతో ముడుతలను, మచ్చలను సరిదిద్దువారు. దానిని వారు టచింగు అనెడివారు. బ్రోమైడు కాగితముమీద పెద్దది చేసిన బొమ్మకు పలుచని రంగును దూదితో అద్ది, పెదవులకును చీరె అంచుకును మాత్రము సన్నని కుంచె పట్టెడివారు. బుగ్గలకు కొంచెము ఎరుపు ఎక్కువయగుట మామూలు. జీవితమంతయు ఎండలో కలుపుతీసిన ముసలమ్మ ఆ పటములో సినిమా నాయికవలె గులాబి బుగ్గలతో కనబడెడిది. దానికి ఇంటివారెవరును నవ్వెడివారు కారు. రంగు ఫిలిము చిన్న ఊళ్లకు వచ్చిన పిదప ఆ పని సన్నగిల్లి, పిదప నిలిచిపోయినది. అది పోయినపుడు ఎవరైనను దుఃఖించినట్లు మాకు జ్ఞాపకము లేదు. కొత్తది దొరకినదను సంతోషమే యుండెను.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చెదము. మా సీమలో వెనుకటి తరమువారికి ఫొటో దిగుట యనునది తమ ముచ్చటకొరకు జరిగిన పని కాదు. వానలు తప్పినపుడు కాలువ పనులకును, ఆనకట్ట పనులకును ఊరు విడిచి దూరదేశములు పట్టినవారి సీమ యిది. పాలమూరు కూలీ యను మాట దేశమంతట తెలియుటకు కారణము అదియే. అట్టివారు స్టూడియోకు పోయి, తెరముందు కుర్చీలో కూర్చుండి చిత్రము తీయించుకొనుట అరుదు. సర్కారు అడిగినపుడు వారు ఫొటో దిగిరి. రేషను కార్డుకు, బ్యాంకు పుస్తకమునకు, 1993లో మొదలైన ఓటరు గుర్తింపు కార్డుకు, 2010 తరువాత ఆధారు కార్డుకు. ఆధారు కార్డులోని ముఖమును చూచి మనిషిని పోల్చుకొనుట కన్నబిడ్డలకే కష్టము. అయినను అనేక కుటుంబములలో పోయిన మనిషి రూపము మిగిలినది ఆ కార్డు ముక్కలోనే. దినములలోపల పటము కట్టించవలెనని కొడుకో, మనుమడో ఆ ముక్కను జేబులో పెట్టుకొని పట్టణమునకు వచ్చును. నల్లగొండలోను, మహబూబ్‌నగరములోను గడియార స్తంభము కలదు. ఆ చుట్టుప్రక్కల వీధులలో స్టూడియో వెదకుకొనుట ఆ కొడుకునకు కష్టము కాదు.

స్టూడియోవాని కష్టము అక్కడనుండి మొదలగును. కొంచెము లెక్క చెప్పెదము, ఓపికతో వినగోరెదము. పాసుపోర్టు సైజు ఫొటో వెడల్పు మూడున్నర సెంటీమీటర్లు. దానిని అంగుళమునకు 300 చుక్కల చొప్పున కంప్యూటరులోనికి ఎక్కించినచో అడ్డముగా 413 చుక్కలు వచ్చును. ఇంటివారు కోరునది పండ్రెండంగుళముల వెడల్పుగల పటము. దానిని అంతే సున్నితముగా అచ్చు వేయవలెనన్నచో అడ్డముగా 3,600 చుక్కలు కావలెను. అడ్డమునకు నిలువునకు కలిపి లెక్కించినచో, ఒక చుక్క ఉన్నచోట సుమారు 76 చుక్కలను కంప్యూటరు తానుగా కల్పించవలెను. ఇంకను సన్నగా ఎక్కించుకొనవచ్చును గదా యందురేమో. ఎంత సన్నగా ఎక్కించినను, కాగితముమీద లేని వివరము ఎక్కడనుండి వచ్చును? కార్డుమీది ప్లాస్టికు గీతలు, ముద్ర మరక, అచ్చు యంత్రపు చుక్కలు మాత్రము చక్కగా పెద్దవియై కనబడును. ఆ పెద్దది చేసిన ముఖమును చూచిన కొడుకు, మా నాయన యిట్లు ఉండడే యని బిత్తరపోవుట మేమే చూచితిమి.

ఇట్టిచోట అక్కరకు వచ్చినది తైలవర్ణ చిత్రమును పోలిన ఫిల్టరు. ఫొటోలు దిద్దు సాఫ్ట్‌వేరులలో ఇట్టిది కొన్నింట కలదు. అది ఫొటోలోని ప్రతి చుక్క చుట్టును వెలుగు ఏ దిశగా మారుచున్నదో చూచి, ఆ పోకడ వెంబడి రంగును సాగదీయును. ముక్కుమీద ముక్కు వంపు వెంట, మీసముమీద మీసము వెంట, తలపాగామీద దాని మడతల వెంట కుంచె లాగినట్లు గీతలు వచ్చును. పగిలిన చుక్కలన్నియు ఆ గీతలలో కలసిపోవును. లేని వివరమును ఉన్నదని అది బొంకదు. చిత్రకారుడు దూరమునుండి చూచి వేసినట్లు, వివరము అక్కరలేని రూపమును ఇచ్చును. ముఖము పోలిక నిలుచును, పాడైన కాగితపు జాడ పోవును.

ఇదే ఫిల్టరును పెండ్లి ఆల్బములలోను, ఊరి నాయకుల ఫ్లెక్సీలలోను వాడి వాడి విసుగు పుట్టించిన మాటయు నిజమే. పెండ్లికూతురు నగలన్నియు కరగిన బెల్లమువలె కనబడు ఆల్బములను మేము చాల చూచితిమి. మంచి కెమెరాతో తీసిన బొమ్మకు దానితో పనియే లేదు. దాని విలువ తెలిసినది కార్డు ముక్క పట్టుకొని వచ్చినవానికే.

మా యింటి సంగతి చెప్పెదము. మా తాతగారి పటమును అట్లే చేయించితిమి. చేసినవాడు మా ఎరుకలోని స్టూడియో యజమాని. పని తెలిసినవాడు, మితభాషి. తాతగారి రేషను కార్డు ఫొటో ఒక మూల చెదలు తిన్నది. ఆ మూలను భుజముమీది తువాలుతో పూడ్చి, తక్కినదానికి ఆ ఫిల్టరు పెట్టి, గోధుమరంగు నేపథ్యముతో అచ్చువేసి యిచ్చెను. పటము చూచిన మా నాయనమ్మ కొంతసేపు మాటాడలేదు. పిదప, నా పటముగూడ దీని ప్రక్కన ఇట్లనే పెట్టించుండ్రి యని నవ్వుచు అనెను. ఆ తరువాత కొన్ని ఏండ్లకు ఆమెయు పోయినది. ఓటరు కార్డు పట్టుకొని మేము ఆ స్టూడియోకే పోతిమి.

అతడు కార్డును చూచెను, కంప్యూటరును చూచెను, కొంతసేపు ఊరకుండెను. ఆ పనిముట్టు ఇప్పుడు లేదని చెప్పెను. ఏమైనది తమ్మీ యని మేమడిగితిమి. అతని మాటలు అతని నుడిలోనే చెప్పుట మంచిది: “నేనేం ముట్టలె సార్. రాత్రి దానంతటదే అప్‌డేటయింది. పొద్దున వచ్చి చూస్తె ఆ గుర్తే లేదు.” పాతదానినే మరల ఎక్కించుకొనరాదా యంటిమి. “పాతదానికి ఇప్పుడు ఇస్తలేరు సార్. నెలనెల కిరాయి కట్టేటిది గద. వాండ్లు ఏదిస్తె అదే.” ఆ సాఫ్ట్‌వేరు పేరుతో మనకు పనిలేదు. ఇట్లు జరుగుట ఒక్కదానికే పరిమితము కాదు.

అతని యొద్ద పాత కంప్యూటరు ఒకటి యుండెను. అందులో వెనుకటి ప్రతి ఉండవలసినదే. కాని దాని డిస్కు చెడి, పైన అటకమీద పడియుండెను. సరే, చేతితోనే చేసెదనని పూనుకొనెను. ఐదు దినములు పట్టినది. సాఫ్ట్‌వేరులో రంగును వ్రేలితో పులిమినట్లు పులుము పనిముట్టు ఒకటి ఉండును. దానితో చెంప ముడుతల వెంట ఒక్కొక్క గీతయే లాగెను. మేము రెండు సాయంకాలములు ప్రక్కన కూర్చుండి చూచితిమి. కన్ను దగ్గర అతని చేయి బియ్యపుగింజ వెడల్పు కదలుటకు ఎంతో తడవు పట్టుచుండెను.

రెండవనాడు అతడు మమ్ము ఒక ప్రశ్న అడిగెను: “సార్, అమ్మకు ముక్కుపుల్ల ఏ దిక్కుండె? కార్డుల అది ముక్కుపుల్లనో మరకనో సమజైతలేదు.” మేము జవాబు చెప్పలేకపోతిమి. ఆమె చేతి అన్నము తిని పెరిగినవారము, దినదినము ఆ ముఖము చూచినవారము. అయినను ముక్కుపుల్ల కుడివైపుననో ఎడమవైపుననో నిశ్చయముగా తోచలేదు. అచ్చంపేటలోనున్న మా మేనత్తకు ఫోను చేసితిమి. ఆమె తడుముకొనలేదు: “మా అవ్వకు కుడి దిక్కు బిడ్డా. ఎడమ దిక్కు కుట్టింది పూడిపోయింది. నా పెండ్లినాడు కుడి దిక్కు మళ్ల కుట్టిచ్చుకున్నది.” కార్డులో కనబడినది ఎడమవైపున. అనగా అది మరక. ఫిల్టరు పెట్టియున్నచో ఆ మరకకు చక్కగా కుంచె మెరుపు పెట్టి ముక్కుపుల్లను చేసియుండును. మేమును దానిని చూచి సంతోషించి గోడకు తగిలించియుందుము.

దీనినిబట్టి చేతిపనియే మేలని మేము చెప్పబోవుట లేదు. పటము పూర్తియైనపుడు కన్నులు జీవముతో వచ్చినవి. చీరె కొంగు మాత్రము పిండి పులిమినట్లున్నది. తాతగారి పటము ప్రక్కన పెట్టి చూడగా ఈ రెండును ఒక చేతి పని కావని చిన్నపిల్లవాడైనను చెప్పగలడు. పైగా ఐదు దినముల పనికి అతడు తీసికొనవలసినంత సొమ్ము తీసికొనలేదు. తీసికొన్నచో కార్డు ముక్కతో వచ్చు కూలివాని కొడుకు ఇచ్చుకొనలేడు. ఫిల్టరుతో అరగంటలో అయ్యెడి పని అది. అరగంట పని గనుకనే పేదయింటి గోడకును ఆ మర్యాద దక్కినది. పనిముట్టు పోయినపుడు పోయినది ఆ అరగంట. ఎరుక గలవారమని మాకు ఐదు దినములు కూర్చుండెను. మా వెనుక వచ్చిన మనిషికి, ఫిల్టరు లేక మామూలుగానే పెద్దది చేసి యిచ్చి పంపెను. ఆ మనిషి దానిని వెలుతురులో పట్టుకొని చూచిన చూపు మాకు ఇంకను జ్ఞాపకమున్నది.

ఇట్లు జరుగుట లోకమున కొత్త కాదని పిదప తెలిసికొంటిమి. ఇందులో లోకమెరిగిన కథ యొకటి కలదు. ఫొటోలు దిద్దు సాఫ్ట్‌వేరులలో మిక్కిలి ప్రసిద్ధమైన ఫొటోషాపును థామస్ నోల్, జాన్ నోల్ అను అన్నదమ్ములు అమెరికాలో రూపొందించగా, అడోబీ సంస్థ మొదటి ప్రతిని 1990 ఫిబ్రవరిలో వెలువరించెను. 2012లో వచ్చిన సి.ఎస్.6 అను ప్రతిలో ఆయిల్ పెయింట్ అను ఫిల్టరును చేర్చిరి. కుంచెగీత పోకడ, నునుపు, పరిమాణము, కుంచె వెంట్రుకల జాడ, వెలుగు పడు దిక్కు, మెరుపు అను ఆరింటిని జరుపుకొనుచు వాడువాడు తనకు కావలసినట్లు దిద్దుకొనవచ్చును. అది చాలమందికి ప్రీతిపాత్రమైనది. 2014 జూనులో వచ్చిన కొత్త ప్రతిలో చూడగా అది లేదు.

దానిని తీసివేయుటకు కారణము ఆ ఫిల్టరు చెడ్డదనుట కాదు, వాడువారు లేరనుటయు కాదు. అది పిక్సెల్ బెండర్ అను ఒక లోపలి యంత్రాంగముమీద ఆధారపడి పనిచేయుచుండెను. ఫిల్టరులు వ్రాయుటకై అడోబీవారే ఏర్పరచిన చిన్న భాష అది. ఆ భాషను ఇక పెంపొందించుట లేదని మానివేసిరి. దానిమీద నిలిచిన ఫిల్టరు దానితోపాటు పోయినది. బావిమీది గిరకను విప్పుకొనిపోయినవానికి చేదమీద కోపమేమియు లేదు. నీళ్లు మాత్రము రావు.

అడోబీ ఇంజనీర్ల పక్షమునను ఒక మాట చెప్పవలెను. పాత యంత్రాంగమును ఎల్లకాలము మోయుట సులభము కాదు. కంప్యూటరులోపలి చిత్రఫలకములు మారును, వానిని నడపు పద్ధతులు మారును. ప్రతి పాతదానిని క్రొత్తదానికి అతుకుచు పోయినచో ఇల్లంతయు అతుకులే యగును. ఇది మేమును ఎరుగుదుము. కాని తీసివేయువానికి అది జాబితాలో ఒక పంక్తి. దానిమీద బ్రతుకుచున్నవానికి ఆ సంగతి మరునాటి ఉదయమున తెలియును.

అయినను ఆ కథ అంతటితో ముగియలేదు. వాడుకదారులు అడిగిరి. మరల మరల అడిగిరి. కొందరు దానికొరకే పాత ప్రతిని కంప్యూటరులో అట్లే ఉంచుకొనిరి. 2015 నవంబరు 30న వచ్చిన ప్రతిలో ఆయిల్ పెయింట్ తిరిగివచ్చినది. పాత గిరకమీద కాక, కొత్త పద్ధతిలో తిరిగి వ్రాసి, మునుపటికంటె వడిగా పనిచేయునట్లు చేసిరి. నడుమ గడచినది సుమారు 17 నెలలు.

పోయినవన్నియు ఇట్లు తిరిగిరావు. స్టూడియోలవారికి మిక్కిలి అక్కరకు వచ్చినది పిక్చర్ ప్యాకేజ్ అను సదుపాయము. ఒకే కాగితముమీద ఎనిమిది పాసుపోర్టు ఫొటోలను వరుసగా పేర్చి అచ్చు వేయుటకు పనికివచ్చెడిది. 2008లో వచ్చిన సి.ఎస్.4 ప్రతిలో అది మామూలు సరకుతో రాలేదు. కావలసినవారు వేరుగా తెచ్చి పెట్టుకొనవలసివచ్చినది. అది లేనివారు ఆ పేర్పును ఒకసారి చేసి, చేసిన క్రమమును కంప్యూటరుకు నేర్పి భద్రపరచుకొనిరి. పేర్పు గనుక సాగినది. కుంచె పోకడను అట్లు నేర్పుట యెట్లు?

2013 మేనెలలో అడోబీవారు తమ కొత్త సాఫ్ట్‌వేరులను ఇకమీదట చందా పద్ధతిలోనే యిత్తుమని ప్రకటించిరి. అంతవరకు డబ్బాలో కొనితెచ్చిన డిస్కు కొన్నవానిదే. దానిలో నున్నది దానిలోనే యుండును. చందా పద్ధతిలో క్రొత్తవి వెంటవెంటనే అందును, ఒక్కసారి పెద్దసొమ్ము పెట్టనక్కరలేదు. చిన్న స్టూడియోవానికి అది మేలే. అయితే 2019 మేనెలలో కొన్ని పాత ప్రతులను వాడుటకు ఇక అనుమతి లేదని చందాదారులకు జాబులు వచ్చినవి. అద్దె యింటివాడు గోడకు మేకు కొట్టుకొనవచ్చును. ఆ గోడనే యజమాని తీసివేసినపుడు పటమును చంకన పెట్టుకొని నిలువవలెను.

ఇందుకు మార్గమేమియు లేదా? కొంతవరకు కలదు. జింప్ అను ఉచిత సాఫ్ట్‌వేరు 1996 నుండియు లోకమునకు అందుచున్నది. దాని లోపలి వ్రాతయంతయు బహిరంగము. ఎవరైనను పాత ప్రతిని దాచుకొనవచ్చును, నేర్పుగలవారు తిరిగి పనిచేయించుకొనవచ్చును. తైలవర్ణ ఛాయనిచ్చు ఫిల్టరు ఒకటి, ఆయిలిఫై అను పేరుతో, అందును కలదు. అది ఫొటోషాపులోనిదానివలె ముఖపు పోకడ వెంట గీతలు లాగదు, రంగులను మచ్చలు మచ్చలుగా చేర్చును. కావున అదియు ఇదియు ఒకటే యని మేము చెప్పలేము. లేనిదానికంటె నయము. అప్‌డేటు తనంతట జరుగకుండ ఆపు ఏర్పాటు చాల సాఫ్ట్‌వేరులలో ఉండును. పెండ్లిళ్ల ముహూర్తముల నడుమ కొత్త ప్రతిని ఎక్కించుకొనుట, నాట్ల నడుమ ఎద్దులను మార్చుకొనుటవంటిది.

ఇంటివారికి మేము చెప్పదలచినది వేరొకటి. పటము అయిపోయినది గదా యని ఆ చిన్న ఫొటోను పారవేయకుడు. పటము రంగు వెలియును, అద్దమునకు అంటుకొనును. మరల చేయించవలసివచ్చినపుడు ఆధారము ఆ ముక్కయే. స్టూడియోవాని కంప్యూటరులోని ఫైలును మీ రొక ప్రతి అడిగి తీసికొనుడు. ఇంటి పెద్దలు బ్రతికియుండగానే పగటి వెలుతురులో, వాకిట్లో కూర్చుండబెట్టి ఒక మంచి ఫొటో తీసియుంచుడు. ఇప్పుడు ప్రతి చేతిలోను ఫోను ఉన్నదికదా. ముసలివారు వద్దందురు. ఫొటో తీసినచో ఆయువు తగ్గునని జంకువారు మా సీమలో ఇంకను కలరు. మా నాయనమ్మయు జంకినది. మేమును వెనుక చూతములే యని ఊరకుంటిమి.

ఇటీవల ఒకనాడు ఆ స్టూడియో ముందుగా పోవుచుండగా అతడు కేకవేసి పిలిచెను. అటకమీది పాత కంప్యూటరును దింపి హైదరాబాదు పంపి బాగుచేయించినాడట. దాని పాత ప్రతి కొనిన డిస్కు బీరువాలో దొరకినదట. దానికి అంతర్జాలపు తీగ తగిలించకుండ, పైన తువాలు కప్పి, మూలన వేరుగా పెట్టినాడు. కార్డు ముక్కలు వచ్చినపుడు మాత్రము తువాలు తీయును. మీట వేయగానే దాని పంకా చప్పుడు వీధిలోనికి వినబడును. “అమ్మ ఫొటో మళ్ల చేద్దామా సార్? అరగంట పని. తాతగారి పటంతోని జోడు కుదురుతది” అని అడిగెను. ముక్కుపుల్ల సంగతి అతడు మరువలేదు. ఆ మరకను ముందే తీసివేసి, కుడివైపున పెట్టి, అటుపిమ్మట ఫిల్టరు పెట్టునట.

ఇంటికి వచ్చి మేనత్తకు ఫోను చేసితిమి. ఆమె మొన్న పెత్రమాసకు వచ్చినపుడు ఆ పటము ముందు చాలసేపు కూర్చున్నది. కొంగు బాగులేదని ఆమెయు అన్నది. మార్పింతుమా అత్తా యని అడుగగా, చూద్దాంలే బిడ్డా, తొందరేమున్నది యన్నది. ఫైలు అతని యొద్దనే యున్నది. మేము ఇంకను ఏ మాటయు చెప్పలేదు.